పెడల్ మీద తడి

బండిని కదిలించడం ఏమంత గొప్ప విద్య కాదు. వాలు మీద పెట్టి వదిలేస్తే బండరాయి కూడా కదులుతుంది. విద్యంతా ఆపడంలోనే ఉంది. లోకం ఈ సంగతి ఒప్పుకోదు. ఇంజను గురించి జనం పెళ్లి విందులో కూడా చర్చిస్తారు. బ్రేకుల ప్రస్తావన మాత్రం అవి పడనప్పుడే వస్తుంది, అదీ మాట్లాడటానికి మనిషి మిగిలితే.

ఈ అన్యాయాన్ని జీవితమంతా నోరెత్తకుండా మోసినవాడు నిదానం మేస్త్రి. నిటారుగా దిగివచ్చే వీధి ఒకటి పెద్దరోడ్డులో కలిసే మూల మీద అతని షెడ్డు, షెడ్డు వెనక రెండు గదుల ఇల్లు. బ్రేకులు బాగుచేసేవాడు వాలు అడుగున కాపురం పెట్టడం ధైర్యమని కొందరు, వ్యాపార దక్షత అని కొందరు అనేవారు. ఎదురుగోడకు పడిన సొట్టలు ఉభయపక్షాలకూ సాక్ష్యం పలికేవి. నిదానం అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. బండి తీసుకెళ్లే ప్రతివాడినీ "నిదానం" అని సాగనంపడం అతని అలవాటు, ఆ మాటే అతనికి అంటుకుపోయింది. అంటుకోవడంలో న్యాయం లేకపోలేదు. అతను నడిచినా నిదానమే, నమిలినా నిదానమే. కోపం కడుపులో పుట్టి నాలుక దాకా వచ్చేసరికి ఎదుటివాడు ఇంటికెళ్లి భోంచేసి కునుకు తీస్తుండేవాడు.

బ్రేకు అంటే ఏమిటని అడిగినవాళ్లకు అతను ఒకే పాఠం చెప్పేవాడు. "బండిని ఆపేంత బలం నీ కాలికుందా? లేదు. అందుకే మధ్యలో ఆయిల్ ఉంది." పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ అనే చిన్న గొట్టంలో పిస్టన్ ముందుకు జరుగుతుంది. అది తోసిన ఆయిల్ సన్నటి పైపుల్లోంచి నాలుగు చక్రాలకూ కబురు మోస్తుంది. అక్కడి పిస్టన్లు ప్యాడ్లను చక్రంతోపాటు తిరిగే డిస్కుకేసి అదుముతాయి. అంతసేపూ విర్రవీగిన వేగం ఆ రాపిడికి వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది, బండి బుద్ధిగా ఆగుతుంది. కిటుకంతా ఆయిల్‌లో ఉంది. దాన్ని ఎంత నొక్కినా కుదించుకోదు, ఇక్కడ తోస్తే అక్కడ కదలాల్సిందే. గాలి అలా కాదు, నొక్కినకొద్దీ నొక్కించుకుంటుంది. పైపులో కాస్త గాలి చేరిందా, మీరు తొక్కిన తొక్కుడంతా అదే మింగి కూర్చుంటుంది. పెడల్ పరుపులా దిగుతుంది, కబురు చక్రం దాకా చేరదు.

అందుకని బ్రేకు విప్పి బిగించిన ప్రతిసారీ గాలి తీయాలి. అది ఇద్దరి పని. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కిపట్టాలి. రెండోవారు చక్రం దగ్గర పడుకుని, గాలి పోవడానికి పెట్టిన నిప్పిల్ అనే చిన్న మరను వదులు చేయాలి. నిప్పిల్‌కు తగిలించిన రబ్బరు గొట్టంలోంచి ఆయిలూ గాలీ కలిసి సీసాలోకి బుడబుడమంటూ వస్తాయి. మళ్లీ బిగించేదాకా పైనున్నవాళ్లు కాలు ఎత్తకూడదు. ఎత్తారా, అలిగి వెళ్లిన గాలి పుట్టింటికి వచ్చినంత హక్కుగా వెనక్కి వచ్చేస్తుంది. ఇప్పుడు ఒంటరివాళ్ల కోసం దీనికీ ఓ యంత్రం వచ్చింది. మేస్త్రి దాన్ని కొనలేదు, అతనికి భార్య ఉంది.

పెళ్లయిన కొత్తలో ఆమె షెడ్డుకు భోజనం పట్టుకొచ్చింది. తొక్కేవాడు లేక మేస్త్రి బండి పక్కన దిగాలుగా కూర్చున్నాడు. "కాస్త ఎక్కి తొక్కవే" అన్నాడు. లోపలి చాప కొత్తగా ఉండేసరికి ఆమె చెప్పులు బయట విడిచి ఎక్కింది. నాలుగుసార్లు తొక్కి, "ఇంకా గాలి ఉందయ్యా" అంది.

"బండి సంగతి నీకేం తెలుసు?"

"బండి సంగతి తెలీదు. కాలికింద తడిసిన దూదిలా ఉంది. అది తెలుసు."

నిప్పిల్ తిప్పి చూస్తే బుడగలు. మేస్త్రి భార్య అరికాలికి ఆ పూటే దాసోహమన్నాడు. అప్పటినుంచి పెడల్ ఆమెది, ఆమె తొక్కేది చెప్పుల్లేకుండానే. అరికాలు గట్టిగా ఉందంటే గట్టిగా ఉన్నట్టు, మెత్తగా ఉందంటే మళ్లీ మొదటి చక్రం నుంచి.

"తొక్కు."

"తొక్కా."

"పట్టు."

"పట్టా."

"వదులు."

"వదిలా."

వాళ్ల దాంపత్య సంభాషణలో సింహభాగం ఇదే. పిల్లలు కలగలేదు కాబట్టి మిగతా భాగం కూడా పెద్దగా పెరగలేదు. పోట్లాడుకుని మాటలు మానేసిన రోజుల్లో సైతం ఇది మాత్రం నడిచేది. ఆమె "పట్టా" అన్న తీరులోని పొడితనాన్ని బట్టి సంధి ఎంత దూరంలో ఉందో మేస్త్రి బండి కింద పడుకునే కనిపెట్టేవాడు.

పాత కారున్న డ్రాయింగ్ మాస్టారు ఒకాయన తరచూ వచ్చేవాడు. "మేస్త్రీ, బ్రేకు బాగుందా?" అంటే, "నన్నడుగుతారేంటి మాస్టారూ, హైకోర్టు పైన కూర్చుంది" అనేవాడు మేస్త్రి. పైనుంచి తీర్పు వచ్చేది. "గట్టిగా ఉంది మాస్టారూ. మీ ఆవిడ మాటంత గట్టిగా." మాస్టారు తృప్తిగా తలూపి బండెక్కేవాడు. అంతకు మించిన హామీ ఆయన ఎరగడు.

ఏళ్లు గడిచాక ఆమెకు షుగరు బయటపడింది. డాక్టరమ్మ మందులు రాసి, ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది.

"తీపి సంగతి ఎలాగూ అందరూ చెప్తారు. నేను కాళ్ల సంగతి చెప్తున్నా. ముందు స్పర్శ పోయేది పాదాల్లోనే. చెప్పుల్లేకుండా అడుగు పెట్టొద్దు. రోజూ అరికాళ్లు చూసుకోవాలి, కనబడకపోతే ఆయన్ని చూడమను. తిమ్మిరిగా ఉన్నా, మొద్దుబారినట్టున్నా ఆ రోజే రా. తెలియకుండా దిగిన ముల్లు ఒక్కటి చాలమ్మా, కాలు పోవడానికి."

ఇద్దరూ తలలూపారు. తలూపడంలో ఆ దంపతుల మధ్య ఎన్నడూ భేదాభిప్రాయం లేదు.

షెడ్డులో మేస్త్రి అడిగాడు. "పోనీ చెప్పులతోనే తొక్కరాదా?"

"చెప్పులేసుకుంటే నాకేం తెలుస్తుంది? నువ్వు దుప్పటి కప్పుకుని నిప్పిల్ తిప్పుతావా?"

మాట సబబుగానే తోచింది. పైగా ఆ అరికాలి తీర్పు మేస్త్రికీ కావాలి. అందుకని చెప్పుల ప్రసక్తి మానేసి, నేలనే బాగుచేయాలనుకున్నాడు. కర్రకు పెద్ద అయస్కాంతం కట్టి పొద్దున్నే షెడ్డంతా ఊడ్చేవాడు. ఇనుప రజను, తీగ ముక్కలు, విరిగిన మేకులు దానికి అతుక్కుని వచ్చేవి. పాత కార్లకు వెనక చక్రాల్లో డిస్కులకు బదులు డ్రమ్ములుంటాయి. వాటి లోపల షూలనే వంపు రేకులకు లైనింగు పట్టీని రివెట్లతో బిగిస్తారు, అరిగినప్పుడు ఆ రివెట్లు కొట్టి ఊడదీస్తారు. అవి ఇత్తడివి. ఇత్తడి అయస్కాంతాన్ని లెక్కచేయదని మేస్త్రికి తెలియక కాదు. తెలిసిన సంగతులన్నీ అవసరానికి గుర్తొస్తే ఈ లోకంలో మేస్త్రీలకూ డాక్టర్లకూ పనే ఉండదు.

కొన్నాళ్లు రాత్రి భోజనాలయ్యాక అతను ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని టార్చి వేసి చూసేవాడు. బొటనవేలు నొక్కి "తెలుస్తోందా?" అనేవాడు. "తెలుస్తోంది" అనేది. తర్వాత్తర్వాత పాదం వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టింది. "పగలంతా చక్రాల కింద దూరింది చాల్లేదా? నేనే చూసుకున్నాలే, పడుకో."

ఆమె చూసుకోలేదు. చూసుకోకుండానే ఆమెకు తెలిసిపోయింది. నేల మెత్తబడినట్టు, ఎవరో గది నిండా దూది పరిచినట్టు ఉండేది. ఓసారి బజారునుంచి వస్తూ కుడికాలి చెప్పు దారిలో జారిపోతే ఇంటి గడప దాకా తెలియలేదు. వెనక్కెళ్లి వెతికి తెచ్చుకుని, పాతదై వదులైందని చెప్పింది. మేస్త్రి కొత్త జత కొనిచ్చాడు.

ఎందుకు దాచిందంటే, చెప్పిన మరుక్షణం సీటు దిగాలి కనక. ఊరంతటికీ ఆమె మేస్త్రిగారి భార్య. పొయ్యి దగ్గర ఆమె వండినదానికి వంక పెట్టినవాడు లేడు, పొగిడినవాడూ లేడు. ఆ సీట్లో ఉన్నంతసేపూ మాత్రం ఆమె ఔనంటే గాని బండి షెడ్డు దాటేది కాదు. అంత రాజ్యం చేతిలో ఉన్నవాళ్లు ఎవరూ కాలు మొద్దుబారిందని గద్దె దిగినట్టు చరిత్రలో లేదు.

మేస్త్రి ప్రతి బండినీ ఇచ్చే ముందు వీధి ఎగువకు తీసుకెళ్లి వాలులో దింపి చూసేవాడు. అదేమీ అరికాలి మీద అపనమ్మకం కాదు, చక్రాలు చప్పుడు చేస్తున్నాయేమోనని. ఒకనాడు మూల మలుపులో తొక్కితే పెడల్ నేలదాకా దిగింది. చేతిబ్రేకు లాగి ఎలాగో నిలబెట్టాడు. బండిలో ఏదో లోపమనుకున్నాడు. రెండో బండీ అలాగే దిగింది. మూడో బండికి అతను ఒక పని చేశాడు. చక్రం దగ్గర పడుకుని, నిప్పిల్ ముట్టుకోకుండా, సీసా కాస్త కదిపి అడిగాడు.

"ఇప్పుడెలా ఉందే?"

సీసాలో ఆయిల్ బుడబుడమని ఊరుకుంది.

"ఇప్పుడు గట్టిపడిందయ్యా" అంది.

మేస్త్రి ఆ బండి కింద చాలాసేపు పడుకున్నాడు. "ఏంటి, నిద్రపోయావా?" అని ఆమె అడిగితే, "లేదు, బోల్టు పట్టేసింది" అన్నాడు.

పెద్దరోడ్డు అవతల అతని బావమరిదికి టైర్ల దుకాణం. మేస్త్రి గాలి తీసి, అతను గాలి కొట్టి బతుకుతారు కాబట్టి ఆ కుటుంబమంతా గాలి మీదే ఆధారపడిందని వీధిలో ఒక హాస్యం. ఆ రోజునుంచి మేస్త్రి, భార్య తొక్కినంతసేపు తొక్కించి, ఆమె తీర్పు విని, "సరే, అలా తిప్పి తెస్తా" అని బండి తీసుకుని తిన్నగా టైర్ల దుకాణం వెనక్కి పోయేవాడు. అక్కడ బావమరిది ఎక్కి తొక్కేవాడు, మేస్త్రి మళ్లీ నాలుగు చక్రాలకూ గాలి తీసేవాడు. పని రెట్టింపయింది. చడీచప్పుడు లేకుండా గుట్టుగా చేయాల్సి రావడంతో ఇంకా నిదానమయింది.

"బావా, ఈ దొంగకాపురం ఎన్నాళ్లు?" అన్నాడు బావమరిది ఒకరోజు సీట్లోంచి. "అక్కకు చెప్పేయ్."

"చెప్తాలే. పట్టు."

"పట్టా. ఎప్పుడు చెప్తావు?"

"నిదానంగా."

"కాలు మొద్దుబారితే ఆ రోజే రమ్మంది కదా డాక్టరమ్మ."

"రమ్మంది. వెళ్తే ముందు మాన్పించేది ఈ పనే కదరా."

"మానేస్తే ఏమవుతుంది? సీట్లోంచి దిగితే లోకం ఆగిపోతుందా?"

"లోకం సంగతి నాకు తెలీదు. ఆ మనిషి ఆగిపోతుంది. వదులు."

బావమరిది వదిలాడు. "నాకెందుకొచ్చిందిలే, నేను గాలి కొట్టేవాణ్ని" అని దిగి వెళ్లిపోయాడు.

డ్రాయింగ్ మాస్టారి కారుకు వెనక షూలు మార్చిన వారంలోనే అది మళ్లీ వచ్చింది, ఈసారి ముందు ప్యాడ్లకు. ఆమె ఎక్కి తొక్కింది, గట్టిగా ఉందంది, లోపలికి వెళ్లింది. మేస్త్రి సీట్లో కూర్చోబోతూ పెడల్ రబ్బరు మీద తడి చూశాడు. గోధుమరంగు తడి.

పెడల్ మీద తడి కనబడితే బ్రేకు మేస్త్రికి వెంటనే తోచే జబ్బు ఒకటుంది. మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీలు చెడితే ఆయిల్ పిస్టన్‌ను తోసే కడ్డీ వెంట జారి పెడల్ మీదికి వస్తుంది, పాత ఆయిల్‌ది అదే రంగు. మేస్త్రి సిలిండర్ విప్పాడు. సీళ్లు కొత్త పెళ్లికొడుకులా నిగనిగలాడుతున్నాయి. అయినా కంటి మీద కంటే జబ్బు మీద నమ్మకం ఎక్కువై కొత్తవి వేశాడు. మర్నాడు ఇంకో బండి, దాని పెడల్ మీదా అదే తడి. దాని సిలిండరూ విప్పాడు. ఊళ్లో సీళ్లన్నీ ఒక్కసారి చెడిపోయాయా అని బావమరిదితో ఆశ్చర్యపోయాడు కూడా. ఆ తర్వాతి బండికి పొద్దున తన చేత్తోనే సరికొత్త సిలిండర్ బిగించాడు. ఆమె దిగి వెళ్లాక చూస్తే పెడల్ తడిగా ఉంది.

అప్పుడు వేలితో తీసి వాసన చూశాడు. బ్రేక్ ఆయిల్ వాసన అతను నిద్రలో కూడా గుర్తుపడతాడు. ఇది అది కాదు.

కిందికి చూశాడు. కారు తలుపు దగ్గరనుంచి ఇంటి గడప దాకా సిమెంటు నేల మీద అడుగులు. ఎడమది లేదు. కుడిది మాత్రం ఉంది, ఉంది, ఉంది.

లోపల ఆమె నిలబడి కూరగాయలు తరుగుతోంది.

"కూర్చో" అన్నాడు.

"పొయ్యి మీద ఎసరుంది."

"కూర్చోవే."

ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. కూర్చుంది. పాదం ఒళ్లోకి తీసుకుని తిప్పాడు. వేళ్ల మొదట్లో, పెడల్ తగిలే చోటే, ఇత్తడి రివెట్టు తల దాకా దిగి చొక్కా గుండీలా కూర్చుంది. చుట్టూ నల్లగా ఉంది. వేళ్లు రెండు రంగు మారాయి.

"నొప్పి లేదా?"

"ఏం నొప్పి?" అని వంగి చూసింది. పొరుగింటివాళ్ల కాలు చూసినట్టు చూసింది. కాసేపటికి, "ఏ బండిది అది?" అని అడిగింది.

ఆ సమయంలో మేస్త్రి జవాబు చెప్పగలిగిన ప్రశ్న అదొక్కటే. "మాస్టారిది. వెనక షూ" అన్నాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, మళ్లీ కప్పింది. "స్పర్శ పోయి ఎన్నాళ్లయింది?"

ఆమె పైకప్పు వైపు చూసింది. "నిరుడు వానలప్పటినుంచి."

"మరి రాలేదేం?"

జవాబు మేస్త్రి చెప్పాడు. "నాకూ తెలుసండీ. ఆ చలికాలంలోనే తెలిసింది."

మంచం మీది తల ఇటు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే రోజూ ఎక్కించావా?"

"దిగమంటే దిగేదానివా?"

"అడిగావా?"

అతను అడగలేదు. "నువ్వు చెప్పావా?" అన్నాడు చివరికి.

"చెప్తే దింపేస్తావని."

"దింపలేకే నేనూ..."

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బయట రోగులు బారులు తీరి ఉన్నా ఆమె తొందరపడలేదు. "ఆ రోజే వచ్చుంటే మెత్తటి చెప్పులు రాసిచ్చి పంపేదాన్ని" అంది. "ఇప్పుడు మోకాలి కిందికి తీసేయాలి. ఆగితే పైకి పాకుతుంది."

వరండాలో బావమరిది గోడకానుకుని, "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారు కదా బావా" అన్నాడు. అన్నాక గాని ఆ సామెతలో గొడ్డలి ఉందని అతనికి తోచలేదు. మొహం అటు తిప్పుకున్నాడు.

ఆపరేషన్‌కు తీసుకెళ్లే ముందు మేస్త్రి మంచం పక్కన కూర్చున్నాడు. ఎన్నాళ్లనుంచో లోపల కదులుతున్నది అడిగాడు. "కాలికి తెలియనప్పుడు గట్టిగా ఉందని ఎలా చెప్పేదానివి?"

"సీసాలో బుడగల చప్పుడు వినేదాన్ని. అది వినబడకపోతే నీ గొంతు. గాలి అయిపోవచ్చేసరికి నీ గొంతు తేలికపడుతుందయ్యా. నీకు తెలీదులే."

మేస్త్రికి నిప్పిల్ ముట్టకుండా అడిగిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు తన గొంతును మామూలుగా ఉంచడానికి ఎంత కష్టపడ్డాడో గుర్తొచ్చింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

ఇంటికి పంపిన రోజు డ్రాయింగ్ మాస్టారు తన కారు ఇచ్చాడు. "నిదానంగా తీసుకురా మేస్త్రీ" అన్నాడు. ఆ మాట మేస్త్రికి చెప్పినవాడు లోకంలో ఆయనొక్కడే. ఆమెను ముందుసీట్లో పక్కన కూర్చోబెట్టి, నడుము కిందనుంచి దుప్పటి కప్పారు. దుప్పటి ఒకవైపు పాదం మీదనుంచి జారింది, ఒకవైపు మోకాలి దగ్గరే ముడుచుకుపోయింది. ఆమె కిటికీలోంచి దుకాణాలు చూస్తూ కూర్చుంది. మందుల దుకాణం, మంగలి దుకాణం, గాజుపెట్టెలో కొత్త చెప్పులు నిలబెట్టిన దుకాణం. మేస్త్రి ఆ చివరిదాన్ని కాస్త తొందరగానే దాటించాడు.

కొంతదూరం పోయాక ఆమె అంది. "కాలు దురద పెడుతోందయ్యా."

"ఏ కాలు?"

"కుడిది."

మేస్త్రి రోడ్డు మీదనుంచి కళ్లు తిప్పలేదు. ఇలా జరుగుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. కోసేసిన కాలు కొన్నాళ్లు ఉన్నట్టే ఉంటుందని, భయపడొద్దని.

"తెలుస్తోందా?" అన్నాడు.

"ఐదు వేళ్లూ తెలుస్తున్నాయి. ఇంత బాగా తెలిసి ఏడాది దాటింది." కిటికీ వైపు తిరిగి, "అన్నీ తెలుస్తున్నాయి" అంది మళ్లీ. ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, గొంతులో మాత్రం ఏమీ లేదు. "గోకుదామంటే ఎక్కడ గోకను?"

మేస్త్రి బండిని పక్కకు తీసి ఆపాడు. దిగి, ముందునుంచి చుట్టి వచ్చి, అటువైపు తలుపు తెరిచి రోడ్డు అంచున మోకాళ్ల మీద కూర్చున్నాడు. దారిన పోయేవాళ్లు టైరు పంక్చరయిందనుకున్నారు.

"ఏ వేలు?"

"బొటనవేలి పక్కది."

దుప్పటి కింద ఖాళీ ఉన్న చోట, పాదం ఉండవలసిన ఎత్తున, చెయ్యి పెట్టి వేళ్లు కదిలించాడు.

"ఇక్కడా?"

"ఇంకాస్త కిందికి."

అతను చెయ్యి ఇంకాస్త కిందికి దించాడు.